సంతాప సభలో ‘కారే రాజులు’ చదవొచ్చా?

చాలా ఏళ్ళు ప్రజల మధ్య పనిచేసిన స్థానిక నాయకుడొకరు పోయారు, ఆయన సంతాప సభలో ఈ పద్యం చదవొచ్చా, వైరాగ్యం పద్యం కదా, ఇంట్లోవాళ్ళు నొచ్చుకుంటారేమో అని పైన ఒకరు అడిగారు. తప్పకుండా చదవండి, కానీ మొత్తం చదవండి.

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటగట్టుకొని పోవం జాలిరే? భూమిపైఁ
బేరైనం గలదే? శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్ భార్గవా!

సభల్లో చాలామంది ‘సిరి మూటగట్టుకొని’ దగ్గరే ఆపేస్తారు. అక్కడ ఆపితే పోయినాయన్ని దెప్పిపొడిచినట్టే ఉంటుంది, నాకైతే వినడానికే కష్టంగా ఉంటుంది. అసలు మాట శిబి పేరు వచ్చాక మొదలవుతుంది. ‘యీరే’ని కొందరు ‘వీరే’ అనేస్తున్నారు, అది కాదు. ‘ఈరు’ అంటే ఇవ్వరు, ‘ఈరే’ అంటే ఇవ్వలేదా అని. కీర్తి కోరి శిబిలాంటివాళ్ళు అడిగినవాళ్ళ కోరికలు ఇష్టంగా తీర్చలేదా, వాళ్ళని ఇప్పటికైనా లోకం మరిచిపోయిందా అని పద్యం అడుగుతోంది. ‘యశఃకాములై’ అనడం గమనించండి, పేరు కోరుకోవడాన్ని పోతన తప్పు పట్టలేదు. ప్రజా జీవితంలో ఉన్న మనిషికి ఇంతకంటే అతికే మాట నాకు కనబడలేదు.

ఇంకొకటి, ఈ మాటలు ఏ సన్యాసివో కావు. పోతన భాగవతం అష్టమ స్కంధంలో, రాజ్యమేలుతున్న బలి చక్రవర్తి తన గురువు శుక్రాచార్యుడితో అంటున్నవి, పద్యం చివర ‘భార్గవా’ అన్నది ఆయన్నే. వామనుడిగా వచ్చినవాడు విష్ణువు, ఇస్తానన్నది ఇవ్వకు, ఇలాంటి వేళల్లో బొంకినా పాపం రాదు అని గురువే దారి చూపించాడు. అయినా ఆడిన మాట తప్పనంటూ బలి చెప్పిన మాటల్లో ఈ పద్యం ఒకటి. అధికారంలో ఉండి, తప్పించుకునే వీలుండి కూడా మాట మీద నిలబడ్డవాడి పద్యం కాబట్టి, ఆ నాయకుడు అలాంటివాడే అయితే నిండు మనసుతో చదవండి, కాకపోతే ఈ పద్యం జోలికే వెళ్ళొద్దు.

‘చచ్చినవాడి కళ్ళు చారెడు’ అని ఒకరు కామెంట్ పెట్టారు. నిజమే, పోయాక అందరినీ అజాతశత్రువు అనేస్తాం, ఎవరు పోయినా తీరని లోటే. అందుకే పద్యం అయ్యాక ‘కోర్కులు’ అన్న మాట పట్టుకుని, ఆయన ఎవరి ఏ పని చేసిపెట్టారో ఒక్కటి చెప్పండి, ఆ పని జరిగిన మనిషి సభలో ఉంటే వాళ్ళ చేతే చెప్పించండి. బిరుదులేవీ అక్కర్లేదు.

చదివేటప్పుడు ‘వారేరీ’ తర్వాత కాస్త ఆగండి, ప్రశ్నలన్నీ ఒకే ఊపులో లాగేస్తే అర్థం చెదిరిపోతుంది. ఫ్లెక్సీ మీద వేయిస్తుంటే ‘మఱచిరే’లో బండి ఱ పోకుండా చూసుకోండి, ప్రూఫ్ ఇక్కడ పెడితే ప్రింట్‌కి వెళ్ళేలోపు చూసి చెప్తాం.