దహన సేవలకు చట్టం: అందులో తప్పక ఉండాల్సినవి ఏమిటి? మీ అనుభవాలు చెప్పండి

పొద్దుతిరుగుడు
మా దగ్గర దహనవాటికలకు, అంత్యక్రియల సంస్థలకు చట్టం తేవాలని ముసాయిదా తయారవుతోంది. అభిప్రాయాలు పంపమన్నారు. పంపే ముందు మీ అందరినీ అడుగుదామని.

నాది చెప్తాను. అమ్మ పోయిన మర్నాడు అస్థికలకు వెళ్లాను. కిటికీ దగ్గరున్న అబ్బాయి డబ్బా ఇచ్చాడు. మూత మీద అంటించిన చీటీలో ఇంటిపేరు మాదే, అసలు పేరు మాత్రం ఇంకెవరిదో. అడిగితే "రాయడంలో తప్పు పడిందండీ" అని పెన్ను తీసి ఆ పేరు కొట్టేసి పక్కన అమ్మ పేరు రాశాడు. రిజిస్టరు చూపించమంటే లోపల తాళం వేసేశారన్నాడు. అక్కడ గొడవపడే ఓపిక లేక తెచ్చేసుకున్నాను. మూడేళ్లయింది. పరీక్ష చేయిద్దామన్నా అంత వేడికి డీఎన్‌ఏ దాదాపు మిగలదట. ఆ డబ్బా బీరువాలోనే ఉంది.

పాతఆపరేటర్
పొద్దుతిరుగుడు గారూ, చదివి చాలా బాధేసింది. పద్దెనిమిదేళ్లు గ్యాస్ కొలిమి దగ్గర పనిచేశాను. మీకు జరిగింది జరగకుండా ఆపడం కష్టమేమీ కాదు, అందుకే ఇంకా బాధ.

దేహం రాగానే ఒక నంబరు ఇస్తాం. అదే నంబరు కొట్టిన గుండ్రటి లోహపు బిళ్ల దేహంతోపాటే కొలిమిలోకి వెళ్తుంది. లోపల వేడి 800 నుంచి 1000 డిగ్రీలు ఉంటుంది, ఆ బిళ్ల దానికి తట్టుకుంటుంది. పెద్దవాళ్లకు గంటన్నర, రెండు గంటలు పడుతుంది. మిగిలేవి ఎముక ముక్కలే. చల్లారాక అయస్కాంతంతో ఇనుము తీసి, మరలో పొడి చేస్తే రెండు మూడు కిలోలు వస్తుంది. బిళ్లను ఆ పొడితోనే డబ్బాలో వేయాలి. ఒకరిది పూర్తిగా ఊడ్చి తీయకుండా ఇంకొకరిని లోపల పెట్టకూడదు. ఇదంతా మా పెద్దాయన నోటిమాటగా నేర్పాడు. ఎక్కడా రాసి లేదు. ఆయన రిటైరయ్యాక వచ్చినవాళ్లు బిళ్లలు మానేశారు.

ఇంకోటి, పేస్‌మేకర్. తీయకుండా పంపితే లోపల పేలుతుంది. నేను చేరిన ఏడాదే ఒకటి పేలి లోపలి ఇటుక పగిలింది. తలుపు తీసి ఉంటే నా ముఖం ఉండేది కాదు. తీశామని ఎవరో ఒకరు సంతకం పెట్టి తీరాలి.

మెట్లబావి
నాన్న పోయిన రాత్రి ఫోన్‌లో ఒక మొత్తం చెప్పారు. తీసుకెళ్లాక ఫ్రీజర్‌కని, బండి ఆగినందుకని, పెట్టెకని ఒక్కొక్కటే కలిపారు. చివరికి మూడింతలైంది. ఆ పరిస్థితిలో ఎవరు బేరమాడతారండీ? అమెరికాలో 1984 నుంచి ఫ్యూనరల్ రూల్ ఉంది. ఫోన్‌లో అడిగినా ధర చెప్పాలి, వెళ్లి అడిగితే ఏ సేవకు ఎంతో విడివిడిగా రాసిన కాగితం చేతికివ్వాలి. నేరుగా దహనమే కావాలన్నవాళ్లను శవపేటిక కొనాల్సిందే అనకూడదు. మీ లేఖలో ఇది తప్పకుండా రాయండి.

చుక్కాని
చట్టం ఎవరికి వర్తిస్తుందో ముందు చూడండి. అమెరికాలోనే, జార్జియా రాష్ట్రంలోని నోబుల్ అనే ఊళ్లో 2002లో ఒక దహనవాటిక ఆవరణలో 334 మృతదేహాలు దొరికాయి. దహనానికని పంపినవి, దహనం చేయలేదు. కొందరికి బూడిదని సిమెంటు పొడి ఇచ్చారు. ఆ వాటిక జనంతో నేరుగా కాకుండా అంత్యక్రియల సంస్థలతోనే పని చేసేది, చట్టంలోని ఆ సందులోంచే తనిఖీ తప్పించుకుంది. అక్కడి కొలరాడో రాష్ట్రంలో 2023లో దాదాపు 190 దేహాలు కుళ్లిపోతూ బయటపడ్డాయి, ఈ వృత్తిలోని వాళ్లకు లైసెన్సు ఉండాలని 2024లో చట్టం చేశారు. ఎవరి తరఫున చేసినా, ఎంత చిన్న కొలిమైనా తనిఖీ ఉండాలి. అదీ ముందు చెప్పకుండా.

మెట్లబావి
తనిఖీలూ ఫీజులూ పెడితే చిన్నవాళ్లు ఆ భారం మన మీదే వేస్తారేమో?

పాతఆపరేటర్
కొలిమి నడిపే ఖర్చు ముందు బిళ్ల, రిజిస్టరు, సంతకం ఒక లెక్క కాదండీ.

చిన్నిపాదం
పుట్టిన మూడో రోజు మా బాబు పోయాడు. ఇంత చిన్న బిడ్డకు బూడిద మిగలదన్నారు, నమ్మి వచ్చేశాం. స్కాట్లండ్‌లోనూ ఏళ్ల తరబడి తల్లిదండ్రులకు ఇదే చెప్పారట. 2012లో నిజం బయటికొచ్చింది. బూడిద మిగిలింది, వాళ్లకు తెలియకుండా పాతిపెట్టారు. 2016లో అక్కడ చేసిన చట్టంలో బూడిద అంటే ఏమిటో రాశారు: లోహం కాకుండా, దహనంలో దేహం ఏ పదార్థంగా మారుతుందో అదంతా. ఆ వాక్యం మీ లేఖలో చేర్చండి. ఇంతకంటే రాయలేను.

పాతఆపరేటర్
చిన్నిపాదం గారూ, చిన్నపిల్లలకు ప్రత్యేకం ట్రే వాడి, గాలి తగ్గించి, నెమ్మదిగా చేయాలి. అలా చేస్తే మిగులుతుంది. మీకు అబద్ధం చెప్పారో, వాళ్లకే తెలియదో. మా పనివాళ్లకు శిక్షణ తప్పనిసరి చేయమని కూడా రాయండమ్మా.

పొద్దుతిరుగుడు
నిన్న రాత్రి డబ్బా తెరిచాను. చెంచాతో కింది దాకా మెల్లగా కదిపి చూశాను. బిళ్ల లేదు.

పాతఆపరేటర్
బిళ్ల లేనంత మాత్రాన అమ్మ కాదని అనుకోకండి. చాలాచోట్ల వాడటమే లేదు. అవునని చెప్పడానికి మాత్రం వాళ్ల దగ్గర ఆధారం లేదు.

పొద్దుతిరుగుడు
ఆ ఆధారమే అడుగుతూ లేఖ రాశాను. బిళ్ల, సంతకాలు, ధరల కాగితం, చెప్పకుండా తనిఖీ, శిక్షణ, చిన్నిపాదం గారి వాక్యం అన్నీ చేర్చాను. కొట్టేసిన పేరు కనపడేలా చీటీ ఫోటో జతచేసి పొద్దున్నే పంపేశాను.