తపస్కాలం శుక్రవారాల్లో చేపలు తినొచ్చా?

మూడోబెంచీ:
మాది గుంటూరు జిల్లాలో ఒక ఊరు, మేం కేథలిక్కులం. ఇప్పుడు ఈస్టరు ముందు నలభై రోజుల తపస్కాలం కదా. మొన్న శుక్రవారం గుడిలో శిలువమార్గం ప్రార్థన అయ్యాక రాత్రికి చేపల పులుసు వండాను. మా అత్తగారు మూత తీసి చూసి, "తపస్కాలంలో నీసు వండుతావా" అని గిన్నె పెరట్లో పెట్టించారు. మా పుట్టింట్లో శుక్రవారం చేపలు మామూలే. రూల్ తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంట్లో చాలా టెన్షన్‌గా ఉంది.

నైట్‌డ్యూటీ:
తప్పేం లేదమ్మా. మన కేథలిక్ శ్రీసభ చట్టం 1251వ నిబంధన మానమన్నది మాంసం. అంటే కోడి, మేక, గొడ్డు, పంది. చేపలు, రొయ్యలు అందులోకి రావు. 1966లో ఆరో పౌలు పోపుగారి ఆదేశంలో గుడ్లు, పాల పదార్థాలకు కూడా అడ్డు లేదు. 14 ఏళ్ళు నిండిన అందరికీ ఈ మాంసం నియమం వర్తిస్తుంది. ఉపవాసం సంగతి వేరు. అది తప్పనిసరి అయ్యేది తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) మాత్రమే. అదీ 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకా. ఆ రోజు ఒక పూట కడుపునిండా తినొచ్చు, మిగతా రెండు పూటలూ కొద్దిగా. ఆ రెండూ కలిపినా ఒక పూట భోజనం అంత కాకూడదు.

పాతగుడి:
రూల్ చెప్పావు, బాగుంది. మరి ఆచారం ఎవరు చెబుతారు? మా నాన్న ముప్పై ఏళ్ళు ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశిగా చేశాడు. విభూది బుధవారం ముందురోజే మా అమ్మ నీసు వండే గిన్నెలన్నీ బూడిదతో తోమి అటక మీద బోర్లించేది. మళ్ళీ ఈస్టరు నాడే దింపేది. నలభై రోజులూ నాన్నది ఒక్కపొద్దు. సాయంత్రం గుడి నుంచి వచ్చి, పీట మీద కూచుని గంజన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని తినేవాడు. అంతే ఆయన భోజనం. కొర్రమీను కోడి కన్నా ఖరీదు. అది తిని తపస్సు చేశామంటే దేవుడు ఒప్పుకుంటాడా?

గుణదలబస్సు:
2016లో విభూది బుధవారం విజయవాడ గుణదల మేరీమాత తిరునాళ్ళ మధ్యలో పడింది, ఫిబ్రవరి 10న. కట్టుకెళ్ళిన కోడికూర డబ్బా మూత తీయకుండానే తిరిగి తెచ్చాం.

ఇంజనీర్‌తమ్ముడు:
నలభై అంటున్నారు. విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా లెక్కేస్తే 46 వస్తున్నాయి కదా?

నైట్‌డ్యూటీ:
ఆరు ఆదివారాలు తీసెయ్యి తమ్ముడూ. ఆదివారం ప్రభువు లేచిన రోజు, ఉపవాసం ఉండదు.
పాతగుడి గారూ, ఆచారం అనే మాట వింటేనే నాకు భయం. నాకు ఆరో నెల ఉన్నప్పుడు పవిత్ర శుక్రవారం నాడు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు. మధ్యాహ్నం ఆరాధనలో కళ్ళు తిరిగి పడిపోయాను. నేను నర్సుని. నీళ్ళు తాగితే ఉపవాసం పోదని, గర్భిణికీ పాలిచ్చే తల్లికీ షుగర్ ఉన్నవాళ్ళకీ అసలు ఈ బాధ్యతే లేదని చెప్పినా ఒక్కరూ వినలేదు.

పాతగుడి:
నిన్ను అలా ఉంచడం తప్పే. దానికీ చేపలకీ ఏం సంబంధం? నీసు నీసే, వాసనా అదే. నీసు తిన్న నోటితో శిలువమార్గానికి వస్తే మైల కాదా?

ఎర్రమట్టి:
మైలా? మన గుడిలోకి ఆ మాట ఎలా వచ్చింది? మాంసం మంచిది, మనకి ఇష్టమైనది, అందుకే మానుతున్నాం. శుక్రవారం ప్రభువు తన శరీరాన్ని ఇచ్చాడు గనక మనం ఇష్టమైనది ఒకటి వదులుకుంటున్నాం. చెడ్డదాన్ని వదిలేస్తే అది త్యాగం ఎలా అవుతుంది? బయటి నుంచి లోపలికి పోయేది మనిషిని మలినం చేయదని మార్కు 7లో ప్రభువే చెప్పాడు. ఏం తింటారో చూసే మా తాతల్ని ఊరి చివర ఉంచారు. ఆ మాట వినలేకే వాళ్ళు గుడిమెట్లు ఎక్కారు.

పాతగుడి:
కులం ఊసు నేనెత్తలేదు. నా నోట్లో మాటలు పెట్టకు.

ఎర్రమట్టి:
పెట్టక్కర్లేదు, పైన మీరు రాసిందే ఉంది. నీసు ముట్టని ఇల్లు అనిపించుకోవడం మన ఊళ్ళలో ఎవరికి గొప్పో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పాతగుడి:
రాత్రంతా ఆలోచించాను. మైల అన్నది తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్న మాట, అలవాటుగా వచ్చేసింది. అయినా ఒకటి చెప్పాలి. ఆ వారాలన్నీ మా నాన్న ఆదివారం కూర డబ్బులు హార్లిక్స్ సీసాలో వేసేవాడు. పవిత్ర గురువారం చీకటి పడ్డాక ఆ డబ్బులు ఎవరి గడపలోనో పెట్టి వచ్చేవాడు. ఎవరికో మాకు ఎప్పుడూ చెప్పలేదు. చేప తినొచ్చు, గుడ్డు తినొచ్చు అని చెప్పుకుంటూ పోతే ఆ సీసాలో పడేదేముంది?

నైట్‌డ్యూటీ:
సీసా విషయంలో మీతో నాకు గొడవ లేదు అన్నయ్యా. ఆకలితో ఉన్నవాడికి నీ అన్నం పంచమని యెషయా 58 చెప్పేదీ అదే. కాకపోతే మీ నాన్నగారి ఒక్కపొద్దు ఆయన తనంతట తాను పట్టింది. నా ఉపవాసం ఇంకొకళ్ళు నా మీద పెట్టింది.

మూడోబెంచీ:
అందరివీ చదివాను. అసలు సంగతి రాయడానికి మొదట మొహమాటపడ్డాను. మావాళ్ళది ఊరి చివర దళితపేట. మా ఆయన వాళ్ళు ఊళ్ళోవాళ్ళు. పెళ్ళయి రెండేళ్ళయినా మా అత్తగారు నా చేతి పప్పు కూడా తినరు. ఈసారి చేపలు సాకు అయ్యాయి. ఆదివారం పూజలో మాత్రం ఇద్దరం ఒకే వరసలో నిలబడి, ప్రభువు శరీరమని ఇచ్చే సత్ప్రసాదం తీసుకుంటాం.

పాతగుడి:
అమ్మాయీ, ఇది తెలిసుంటే వాసన గురించి రాసేవాణ్ణి కాదు. నేను తపస్కాలంలో చేప ముట్టను, ఇక ముందూ ముట్టను. కానీ మీ అత్తగారు చేసినదాన్ని ఆచారం అనొద్దు. మా నాన్న పేటలో ప్రార్థనకి వెళ్తే అక్కడే భోంచేసి వచ్చేవాడు.

ఎర్రమట్టి:
మీ విచారణ గురువుగారితో (గుడి ఫాదర్‌గారితో) మాట్లాడారా చెల్లెమ్మా?

మూడోబెంచీ:
మాట్లాడాను అన్నయ్యా. పెద్దావిడ కదా, సర్దుకోమన్నారు. రేపు శుక్రవారం మళ్ళీ చేపలే వండుతాను. ఆవిడ కోసం పప్పు కూడా వండుతాను. రెండు గిన్నెలూ పొయ్యి గట్టు మీదే ఉంటాయి.