ఇంగ్లండ్ కాలేజీలో విద్యార్థులు పెరిగినా లోటు ఎందుకు? ఏ శాతాన్ని నమ్మాలి?

ప్రశ్న:
నమస్కారం. ఇంగ్లండ్‌లోని ఒక ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీ (16 ఏళ్లు దాటినవారికీ పెద్దలకూ వృత్తివిద్య వంటి కోర్సులు నేర్పేది) పాలకమండలిలో ఈ మధ్యే సభ్యుడిగా చేరాను. వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పద్దులు చదవగలను గాని ఈ రంగం నాకు కొత్త. 2025–26 బడ్జెట్ పత్రాలలో రెండు విషయాలు బోధపడలేదు. 16–18 ఏళ్ల విద్యార్థులు నిరుటి కంటే 60 మంది ఎక్కువ చేరారని ప్రిన్సిపాల్ గారి నివేదిక చెబుతుంటే, ఆర్థిక విభాగం వారు ఈ ఏడాది లోటు తప్పదంటున్నారు. ఇక ఒక కోర్సు ఫలితాలలో ఉత్తీర్ణత 90 శాతమని ఒక పేజీలో, అచీవ్‌మెంట్ రేటు 81 శాతమని మరొక పేజీలో ఉంది. సమావేశంలో అడగడానికి మొహమాటపడ్డాను. తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (కాలేజీ ఆర్థిక విభాగంలో పనిచేసే సభ్యురాలు):
మీ ముందున్న రెండు నివేదికలూ నిజమే చెబుతున్నాయండి. ఇక్కడ 16–19 వయసువారి గ్రాంటును ఈ ఏటి చేరికలను బట్టి కాక నిరుటి చేరికలను బట్టి కేటాయిస్తారు. ఏడాదికి 580 గంటలు, అంతకు మించి సాగే పూర్తికాలపు చదువుకు 2025–26లో 16–17 ఏళ్ల విద్యార్థి ఒక్కొక్కరికి ప్రభుత్వం ఇచ్చే మూల ధర 5,105 పౌండ్లు. అరవై మందికీ అదే ధర అనుకుంటే 3,06,300 పౌండ్లు. ఆ పెంపు కేటాయింపులో కనబడేది వచ్చే ఏడాది. వారికి పాఠం చెప్పే అధ్యాపకుల జీతాలు, వర్క్‌షాపు సామగ్రి, పరీక్ష ఫీజులు మాత్రం ఈ ఏడాదే కట్టాలి. బాగా పెరిగిన కాలేజీలకు ఏడాది మధ్యలో అదనపు సొమ్ము ఇవ్వడం ఉంది గాని, అది ప్రభుత్వం దగ్గరున్న వెసులుబాటును బట్టి ఇచ్చేదే తప్ప హక్కు కాదు. దానిని ముందే రాబడిలో రాసేసుకున్న బడ్జెట్‌ను నేనైతే అనుమానంగానే చదువుతాను. మన రాష్ట్రాలలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడటం అందరికీ తెలిసిందే. ఇక్కడ ఆ ఆలస్యం బకాయి కాదు, నియమమే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. విద్యార్థులు తగ్గిపోతున్న కాలేజీకి ఆ ఏడాది నిరుటి సంఖ్య ప్రకారమే సొమ్ము వస్తుంది కాబట్టి, పద్దులు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. అసలు దెబ్బ మరుసటి ఏడాది తగులుతుంది. అందుచేత లోటును చూసి కంగారుపడేముందు అది పెరుగుదల వల్ల వచ్చిందా, విద్యార్థుల తగ్గుదలను దాచుకున్న మిగులు కరిగిపోవడం వల్ల వచ్చిందా అని అడగండి. పైగా ఈ మూల ధర 2013 నుంచి 2020 వరకు 4,000 పౌండ్ల దగ్గరే నిలిచిపోయింది. జీతాలూ ధరలూ పెరుగుతుంటే నిల్వలు కరిగిపోయిన కాలేజీలు చాలా ఉన్నాయి. ఒక ఏడాది ఆలస్యాన్ని తట్టుకునే శక్తి అన్నింటికీ లేకపోవడానికి అది ముఖ్య కారణమని నా అభిప్రాయం.

సమాధానం (క్వాలిటీ విభాగం అనుభవం ఉన్న సభ్యుడు):
శాతాల సంగతి నేను చెబుతాను. ఒక కోర్సులో 100 మంది చేరి, 90 మంది చివరిదాకా నిలిచి, వారిలో 81 మంది పాసయ్యారనుకోండి. నిలిచినవారిలో పాసైనవారు 90 శాతం. చేరినవారిలో పాసైనవారు 81 శాతం. రెండవదే అచీవ్‌మెంట్ రేటు. మధ్యలో మానేసిన పదిమందినీ లెక్కలో ఉంచుతుంది కాబట్టి నేను దానినే నమ్ముతాను.

అయితే దానికీ ఒక తలుపు ఉంది, అదే 42వ రోజు. పూర్తి ఏడాది కోర్సులో చేరి ఆరు వారాలు నిండకముందే మానేసినవారు గ్రాంటు లెక్కలోకీ రారు, అచీవ్‌మెంట్ లెక్కలోకీ రారు. ఆ తరువాత మానేస్తే నిధుల సూత్రంలో వారికి సగమే దక్కుతుంది. చివరిదాకా ఉండి పరీక్ష తప్పితే 16–19 వయసువారి విషయంలో సొమ్ము పోదు గాని ఫలితాల శాతం తగ్గుతుంది. పెద్దల కోర్సులలో మాత్రం సాధారణంగా 20 శాతం సొమ్ము కోర్సు పూర్తిచేసి పాసవడంపైనే ఆధారపడుతుంది. కాబట్టి బలహీనంగా ఉన్న విద్యార్థిని ఆరో వారంలోపే సాగనంపితే శాతం మెరుస్తుంది. ఆ పిల్లవాడి గతి ఏమిటన్నది ఆ పట్టికలో ఉండదు. సెప్టెంబరు మొదటి వారపు సంఖ్య, 42వ రోజు సంఖ్య కోర్సుల వారీగా పక్కపక్కన వేసి ఇమ్మని కోరండి. ఒకే విభాగంలో తేడా పెద్దగా ఉంటే అక్కడ ఆగి, ఎవరు వెళ్లారు, ఎక్కడికి వెళ్లారు అని అడగాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరొక్కటి. పైకప్పు మరమ్మతుకు బ్యాంకు రుణం తీసుకుందామంటే వీలు కాదన్నారు. మా అమ్మాయి చదివే స్కూలు తిరిగి పొందే వ్యాట్‌ను మా కాలేజీ ఎందుకు పొందలేకపోతోంది?

సమాధానం (ఆర్థిక విభాగం సభ్యురాలు):
1992 నాటి చట్టంతో కాలేజీలు 1993 ఏప్రిల్ 1న స్థానిక ప్రభుత్వాల చేతి నుంచి బయటపడి స్వతంత్ర సంస్థలయ్యాయి. 2022 నవంబరులో జాతీయ గణాంక కార్యాలయం వాటిని తిరిగి ప్రభుత్వరంగం కింద లెక్కవేయడంతో, విద్యాశాఖ అనుమతి లేకుండా కొత్తగా బ్యాంకు రుణం తీసుకునే వీలు పోయింది. స్కూళ్లకూ అకాడమీలకూ (నేరుగా కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే బడులకూ) ఉన్న వ్యాట్ వాపసు సదుపాయం మాత్రం రాలేదు. అప్పు దగ్గర ప్రభుత్వరంగం, పన్ను దగ్గర కాదు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. 5 లక్షల పౌండ్ల పైకప్పు మీద 20 శాతం వ్యాట్ కలిస్తే 6 లక్షలు చెల్లించాలి. అందువల్ల కాంట్రాక్టరు కొటేషన్ మీ ముందుకు వచ్చినప్పుడు ఆ మొత్తం వ్యాట్ కలిపినదా, కలపనిదా అని మొదటే అడగండి. ఆర్థికాధికారి స్కూళ్ల నుంచి వచ్చినవారైతే ఈ ప్రశ్న మరీ అవసరం.