బాలిలో మౌనదినం: డబ్బు కట్టి వెళ్లిన టూరిస్టునూ ఇంట్లోనే ఉండమనడం న్యాయమేనా?

పర్లాకిమిడి_బాటసారి:

బాలి వెళ్లొచ్చిన ఒకతను మొన్న మా వీధిలో గట్టిగా తిట్టిపోశాడు. "ఒక రోజంతా గదిలో పడేశారు, డబ్బు దండగ" అని. అలాంటి రోజు నేనూ అక్కడ గడిపాను. నాకు దండగ అనిపించలేదు. మీరేమంటారో తెలుసుకోవాలని రాస్తున్నాను.

ఆ రోజు పేరు న్యేపి, బాలి హిందువుల శక సంవత్సరాది. 2023లో అదీ మన ఉగాదీ ఒకే రోజు పడ్డాయి, మార్చి 22న. మన పంచాంగంలోనూ శకం 1945, వాళ్లకూ 1945. పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా నిప్పు గానీ లైటు గానీ వెలిగించరు, పని చెయ్యరు, గడప దాటరు, వినోదం ఉండదు. విమానాశ్రయం మూసేస్తారు. 2018 నుంచి మొబైల్ డేటా కూడా ఆపేస్తున్నారు. ఆసుపత్రులకు మినహాయింపు ఉంది. మిగతావాళ్లు ఏ మతమైనా, ఏ దేశమైనా వీధిలోకి రాకూడదు.

నేను సిడెమెన్ అనే పల్లెలో వరిపొలాల పక్కన ఒక ఇంట్లో గది తీసుకుని మూడు వారాలున్నాను. ముందురోజు సాయంత్రం ఊరంతా గోలే. ఓగో ఓగో అని, పెద్ద పెద్ద భూతాల బొమ్మలను కుర్రాళ్లు భుజాలకెత్తుకుని తిప్పారు. ఇంటావిడ కొబ్బరాకుల కాగడాతో మూలమూలకూ పొగ చూపిస్తుంటే పిల్లలు వెనకాలే గిన్నెలు వాయించుకుంటూ తిరిగారు. తెల్లారేసరికి ఏమీ లేదు. కాలవలో నీళ్లు, ఎక్కడో కోడి, పక్క గదిలో ముసలాయన దగ్గు. ముందురోజే వండిన అన్నం, వేపిన టెంపే ముక్కలు అరిటాకు కప్పి నా గుమ్మం దగ్గర పెట్టారు. టెంపే అంటే సోయా గింజలను పులియబెట్టి అచ్చులా చేస్తారు.

చీకటి పడ్డాక తప్పు చేశాను. చెప్పుల కోసం వరండాలో ఫోన్ లైటు వేశాను. నిమిషం తిరక్కుండా గేటు మీద టక్ టక్‌మని చప్పుడు. పెచలాంగ్ వచ్చాడు, అంటే ఊరి కాపలా మనిషి. నడుముకు నలుపు తెలుపు గళ్ల గుడ్డ. ఒక్క మాట అనలేదు, చెయ్యి కిందికి ఊపాడంతే. లైటు ఆర్పి తలెత్తితే ఆకాశం నిండా చుక్కలు. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడు డాబా మీద చూశాను అన్ని చుక్కలు, మళ్లీ ఆ రాత్రే.

నా ఒక్క లైటుతో ఊరి చీకటంతా పాడైందని అప్పుడు అర్థమైంది. అందుకే అతిథికీ ఆ నియమం ఉండాల్సిందే అంటాను.

గుణుపురం_మాస్టారు:

బాబూ, నువ్వు ఇష్టపడి ఉన్నావు కాబట్టి నీకు బాగుంది. నమ్మకం వాళ్లది, నాది కాదు. మనూరికి వచ్చిన పరదేశీయుణ్ణి ఏకాదశి ఉపవాసం ఉండమంటామా? మా బంధువులు పిల్లలతో వెళ్లారు. టూరు అమ్మినవాడు ఈ సంగతే చెప్పలేదు. ఐదు రోజుల్లో ఒక రోజు పోయింది. వాళ్లు దిగిన చిన్న లాడ్జిలో వంటగది మూసేశారు. మూడేళ్ల పాప పాల కోసం ఏడుస్తుంటే వేడినీళ్లకు కూడా బతిమాలుకోవాల్సి వచ్చింది. రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్లు అక్కడా ఉంటారు కదా, వాళ్ల ఆ రోజు కూలి ఎవరిస్తారు?

రాయగడ_అక్క:

మాస్టారూ, పాప సంగతి చదివి బాధేసింది. చెప్పకుండా టికెట్లు అమ్మడం మోసమే. కానీ ఉపవాసంతో పోలిక కుదరదండీ. ఉపవాసం ఎవరి కడుపు వాళ్లది. నిశ్శబ్దం ఊరందరిదీ. ఒక్క బైకు వెళ్తే చాలు, పోతుంది.

మా పక్కింటి ఒడియావాళ్లకు జూన్‌లో రజ పండగ. భూదేవి బహిష్టు అయిందని మూడు రోజులు నాగలి కట్టరు, నేల తవ్వరు. ఆడవాళ్లు రుబ్బురోలు ముట్టుకోకుండా ఉయ్యాలలూగుతారు. మాకు ఆ పండగ లేదు. కాపురానికొచ్చిన కొత్తలో నేను సరిగ్గా ఆ రోజే పెరట్లో కంద నాటుదామని పార పట్టాను. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి చూసి ఏమీ అనలేదు, మొహం మాత్రం చిన్నబోయింది. పార పక్కన పడేశాను. ముప్పై ఏళ్లయింది, ఆ మూడు రోజులూ మా పెరట్లో ఇప్పటికీ గడ్డపార దిగదు. సాయంత్రానికి పొడొ పిఠా అనే పిండివంట మాత్రం గోడ మీంచి వస్తుంది.

బరంపురం_తమ్ముడు:

కార్తీక పౌర్ణమికి తెల్లవారుజామున మన ఒడిశాలో అరటిదొప్ప పడవలు వదిలేది ఆ బాలి, జావా వెళ్లిన సాధవుల, అంటే ఓడల మీద వెళ్లిన వర్తకుల జ్ఞాపకంగానే కదా. వాళ్లు తిరుగు గాలి వీచేదాకా నెలల తరబడి ఆగాల్సి వచ్చేది. మనం ఒక్క రోజు ఆగలేమా?

గుణుపురం_మాస్టారు:

అమ్మా, చీకటి ఊరిదన్న మాట ఒప్పుకుంటాను. నెట్ ఆపడం మాత్రం ఒప్పుకోను. ఇంటి దగ్గర ముసలి తల్లిదండ్రులున్నవాడికి అది ఎంత టెన్షన్?

పర్లాకిమిడి_బాటసారి:

నెట్ విషయంలో మీరన్నది నిజం మాస్టారూ. రేపు నెట్ ఉండదని, వాట్సాప్ కాల్ కలవదని నాన్నకు ముందే చెప్పాను. అయినా పండగపూట నా గొంతు వినబడలేదని అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదట. ఆ ఇంట్లో వైఫై లేదు. మర్నాడు పొద్దున డేటా వచ్చాక మొదట వచ్చింది నాన్న పంపిన ఉగాది పచ్చడి ఫొటో, దాని కింద అమ్మవి పదకొండు మెసేజ్‌లు. ఆ ఒక్కటీ సడలిస్తే నాకు అభ్యంతరం లేదు.

కానీ ఒకటి అడుగుతాను. మీ బంధువులకు టూరు అమ్మినవాడు ముందే చెప్పి ఉంటే, పాపకు పాలు సిద్ధం చేసుకుని ఆ రోజు అక్కడ ఉండేవాళ్లా, లేక తేదీ మార్చుకునేవాళ్లా? వీలైతే వాళ్లనే అడిగి రాయండి.