మేడిపండు పద్యంలో ‘పురుగులు’ ఏవి?

ప్రశ్న: వేమన మేడిపండు పద్యంలో మొదటి పాదం ‘మేలిమై యుండు’ అని నా నోట నిలిచిపోయింది, మా ఇంట్లో ‘యుండును’ అంటారు. అంతకన్నా నన్ను వేధించేది మూడో పాదం: పిరికివాని బింకానికీ పండులోని పురుగుకూ పోలిక ఎలా కుదురుతుందో పెద్దలు చెప్పగలరా?

ఛందోభిమాని: ‘యుండును’ అనే ఉండాలి. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు రావాలి కనుక ‘మేలిమై’ రగణంగా, ‘యుండును’ భగణంగా సరిపోతాయి; ‘యుండు’ అంటే ఇంద్రగణం ఉండాల్సిన చోట సూర్యగణమైన హగణం మిగిలి పాదం కుంటుతుంది.

జీవశాస్త్రం టీచరు: నా అభ్యంతరం పురుగుల దగ్గర. అవి కుళ్లులో పుట్టినవి కావు. మేడికాయ లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే ఆడ కందిరీగ దాని కొనన ఉన్న సన్నని రంధ్రంలోంచి దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. అది తెచ్చిన పుప్పొడి పూలకు అందుతుంది. కీలం (పూవులో అండాశయం మీది సన్నని కాడ) పొట్టిగా ఉన్న పూలలో ఎక్కువగా దాని పిల్లలు, పొడుగ్గా ఉన్నవాటిలో గింజలు పెరుగుతాయి. ఈ సహపరిణామం, అంటే చెట్టూ కందిరీగా ఒకదానికొకటి తగ్గట్టు మారుతూ రావడం, కోట్ల ఏళ్లనాటిది. కాయలో పెరిగి బయటికి ఎగిరిన ఆడ కందిరీగ ఒకటి రెండు రోజులే బతుకుతుంది కాబట్టి, ఆలోపు దానికి పూత దశలో ఉన్న మరో మేడిచెట్టు దొరకాలి. చెట్లన్నీ ఒకేసారి కాసినా, నరికివేతతో మరీ పలచబడినా ఈగల సంతతి తెగిపోతుంది; ఈగ లేని చోట మేడికి గింజ కట్టదు.

నిఘంటువు మాస్టారు: అమ్మా, ఇది అమరకోశం రాసిన అమరసింహుడికి తెలియని సంగతి కాదు. ఉదుంబరానికి, అంటే మేడికి, ఆయన చెప్పిన పర్యాయపదాల్లో ‘జంతుఫలము’ ఒకటి. అందులో నింద లేదు. పైగా ‘పురుగు’ అన్న తెలుగు మాట లార్వాకే పరిమితం కాదు, మిణుగురూ పురుగే, ఎనిమిది కాళ్ల ఆరుద్రా పురుగే. కందిరీగను పురుగనడంలో వేమన తప్పేమీ లేదు.

ఛందోభిమాని: ఈ పద్యంలో ‘చూడ’ రెండుసార్లు వచ్చింది, ఉప్పు కప్పురంబు పద్యంలోనూ ‘చూడ చూడ’ అనే ఉంది. పైకి చూసి ఆగిపోవద్దని అంత పొదుపుగా చెప్పిన కవి నాకు మరొకరు కనబడరు.

జీవశాస్త్రం టీచరు: అయితే ‘పండు’ అన్న మాట సంగతేమిటి? మగ ఈగలు తొలిచిన దారిన ఆడవి వెళ్లిపోయాకే కాయ మెత్తబడి ఎర్రబడుతుంది. పండు విప్పితే ఎక్కువగా కనిపించేవి రెక్కలు లేని మగ ఈగల కళేబరాలు. పురుగులు నిండుగా ఉండేది కాయలోనే.

నిఘంటువు మాస్టారు: ‘మేడికాయ చూడ’ అన్నా గణం చెడదు, యతీ చెడదు. వీలున్నా కవి ‘పండు’ అన్నాడంటే అది ‘మేలిమి’ కోసమే. కాయకు ఆ వన్నె ఎక్కడిది?

ఛందోభిమాని: అక్కడ నేను ఒప్పుకోను. కాయనూ పండనే వాడుక పాతదే. ఏ తాళపత్ర ప్రతిలోనైనా ‘కాయ’ పాఠం కనబడిందా, మాస్టారూ?