లాస్ట్ క్రిస్మస్ (2019): హీరోనే లేని లవ్ స్టోరీకి మనం ఎందుకు టైమ్ ఇవ్వాలి?

గోంగూర_గిరి: క్రిస్మస్ సెలవు కదా అని నిన్న రాత్రి మా ఆవిడా, అమ్మా, నేనూ ఈ సినిమా పెట్టుకున్నాం. పాల్ ఫీగ్ డైరెక్షన్. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, అంతా చెప్పేస్తున్నా. లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఏడాది పొడుగునా క్రిస్మస్ సామాను అమ్మే కొట్టు, అందులో ఎల్ఫ్ (క్రిస్మస్ తాత సహాయకుడు) వేషంలో పనిచేసే కేట్ (ఎమీలియా క్లార్క్), ఎప్పుడు పడితే అప్పుడు ఎదురుపడే టామ్ (హెన్రీ గోల్డింగ్). గంటన్నర వాళ్లిద్దరూ తిరుగుతుంటే చూశాక తేలిందేమిటయ్యా అంటే, టామ్ కిందటి క్రిస్మస్‌కే సైకిల్ మీద వెళ్తూ యాక్సిడెంట్‌లో పోయాడు, అతని గుండే ఈవిడకి పెట్టారు. పండగ పూట జంటని చూద్దామని కూర్చుంటే జంటే లేదు. ఇది మోసం కాదా?

పెసరట్టు_పిచ్చోడు: ట్రైలర్ వచ్చినప్పుడే జనం కనిపెట్టేశారు అన్నా 😂 1984లో వచ్చిన "లాస్ట్ క్రిస్మస్" పాటలో జార్జ్ మైకేల్ గుండె ఇచ్చానన్నాడు, వీళ్లు ఆపరేషన్ చేసి మరీ ఇప్పించారు.

లండన్_లక్ష్మి: గిరి గారూ, మీరు తప్పు సినిమా కోసం కూర్చున్నారు. ఇది కేట్ కథ. అంత పెద్ద ఆపరేషన్ అయ్యాక అందరూ "బతికావుగా, ఇంకేం" అంటుంటే లోపల సగం పోయినట్టుండి తాగి, ఊరంతా తిరిగి, ఎవరింట్లోనూ నిలవలేని పిల్ల. వాళ్లది యుగోస్లావియా నుంచి పారిపోయి వచ్చిన కుటుంబం, అసలు పేరు కటరీనా, ఆ పేరుతో పిలిస్తే ఒప్పుకోదు. బస్సులో తమ భాష మాట్లాడుకుంటున్న ఇద్దరి మీద ఒకడు అరిచే సీను ఉంది చూడండి, 2016 బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా అన్న) ఓటింగ్ తర్వాత నేనూ బస్సులో అమ్మతో ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే ఒకడు అచ్చం అలాగే అరిచాడు, పక్కన ఒక్కళ్లూ నోరెత్తలేదు. నాకు ఆ ఒక్క సీను చాలు.

గోంగూర_గిరి: బస్సు సీను గురించి నేనేమన్నా అన్నానా? నేనడిగింది ఒక్కటే. టామ్ ఉన్నాడా లేడా?

లండన్_లక్ష్మి: ఆమె తలలో ఉన్నాడు.

గోంగూర_గిరి: సరే, తలలోనే. మరి ఎన్నడూ చూడని మనిషి మొహం, పేరు, ఇల్లు ఆమె తలలోకి ఎలా వచ్చాయి? గుండెతో పాటు అడ్రస్ కూడా కుట్టారా?

నైట్‌డ్యూటీ_నర్స్: ఇక్కడ బ్రిటన్‌లో దాత పేరు గ్రహీతకి చెప్పరు. పేరు లేని ఉత్తరాలు మా ద్వారా వెళ్తాయి. రెండు వైపులా ఒప్పుకుంటే తప్ప కలవడం ఉండదు.

లండన్_లక్ష్మి: సినిమాలోనూ ఆస్పత్రి చెప్పలేదు కదండీ, ఆ ఫ్లాట్ చూపించడానికి వచ్చిన ఏజెంట్ చెబుతాడు.

గోంగూర_గిరి: ఏజెంట్ చెప్పింది ఫ్లాట్‌కి వెళ్లాక! వెళ్లడానికి అడ్రస్ ఎవరిచ్చారు?

పెసరట్టు_పిచ్చోడు: టామ్ ఇల్లులేనివాళ్ల షెల్టర్‌లో రాత్రి డ్యూటీ చేస్తానంటాడు, అక్కడ అడిగితే అలాంటివాడిని ఎవరూ ఎరగరు. అప్పుడైనా డౌట్ రాలేదా అన్నా?

లండన్_లక్ష్మి: ఇక అడ్రస్ దగ్గరే ఆగిపోండి. మీలాంటివాళ్లకి చివర్లో ముద్దు కావాలి అంతే. ఆడపిల్ల ఒంటరిగా బాగుపడితే సినిమా పూర్తయినట్టే అనిపించదు. మా ఇంట్లోనూ ఇదే గోల, "ఉద్యోగం సరే, పెళ్లెప్పుడు" అని.

గోంగూర_గిరి: మీ ఇంట్లో గోల నా నెత్తిన రుద్దకండి మేడమ్. నాకు ముద్దులూ అక్కర్లేదు, పెళ్లిళ్లూ అక్కర్లేదు. మా తమ్ముడు ఆరేళ్ల క్రితం బైక్ మీద వెళ్తూ పడ్డాడు. బ్రెయిన్ డెడ్ అన్నారు. సంతకం పెట్టింది నేనే. గుండె, కిడ్నీలు, కళ్లు అన్నీ ఇచ్చాం. శాలువా కప్పి ఫొటో తీశారు. ఎవరికి పెట్టారో చెప్పరు, చెప్పకూడదని రూల్, అదీ మంచికేనేమో. మా అమ్మ మాత్రం ఇప్పటికీ, ఒక్కసారి చెవి ఆనించి వింటానురా అంటుంది. నిన్న పక్కన కూర్చుని చూసింది. టామ్‌కి ఓ తల్లి ఉందా అని ఒక్కళ్లకైనా తోచిందా ఆ సినిమాలో? కేట్ అమ్మకి, అక్కకి, ఆఖరికి కొట్టు ఓనరుకి కూడా కథ ఉంది. చచ్చినవాడి వైపు ఒక్క కుర్చీ కూడా వెయ్యలేదు.

పెసరట్టు_పిచ్చోడు: సారీ అన్నా. జోకులు ఆపేస్తున్నా.

లండన్_లక్ష్మి: ఇది మొదటి పోస్టులోనే రాయొచ్చుగా గిరి గారూ. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. నా మాట మాత్రం మార్చుకోను. అవతల ఒకరు బతకాలనే కదా మీరిచ్చింది, ఆ బతికిన మనిషి కథ తీస్తే తప్పేంటి? ఎప్పుడూ దాత దేవుడు, గ్రహీత అదృష్టవంతురాలు అనే చెప్పాలా?

గోంగూర_గిరి: తీయండి. పోస్టర్ మీద రంగు లైట్లూ నవ్వులూ వేసి కామెడీ అని పిలవకండి. అమ్మని కూర్చోబెట్టేవాడిని కాదు.

లండన్_లక్ష్మి: అది ఒప్పుకుంటా. కామెడీ ఎలాగూ పండలేదు.

కొత్తగా_చేరా: ఇప్పుడే చూశా, పైన అన్నీ చదవలేదు. ఓనరుగా మిషెల్ యో, ఆ డెన్మార్క్ ఆయన ట్రాక్ బాగుంది కదా? అదే రెండు గంటలు తీసుంటే పోయేది.

గోంగూర_గిరి: చదవండి ముందు.