మా తమ్ముడి జబ్బు మా రక్తంలో ఉందా?

ప్రశ్న: ఖమ్మం అక్క

మా తమ్ముడికి 24 ఏళ్ళు. ఎమ్మెస్ చదవడానికి ఇంగ్లండ్ వెళ్ళాడు. మొదట నలుగురు తెలుగు పిల్లలతో కలిసి ఉండేవాడు. గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ దొరికాక, దగ్గరగా ఉంటుందని వేరే ఊళ్ళో ఒక్కడే గది తీసుకున్నాడు. ఆ వీధిలో మనవాళ్ళెవరూ లేరు. రెండు నెలలకి ఫోన్లు తగ్గాయి. తర్వాత "అక్కా, మెల్లగా మాట్లాడు, పక్కింటివాళ్ళు గోడకి చెవి పెట్టి వింటున్నారు" అనడం మొదలుపెట్టాడు. చివరికి పోలీసులే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. సైకోసిస్ అన్నారు, అంటే లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బట. ఇప్పుడు ఇంటికొచ్చేశాడు, మందులు వాడుతున్నాడు, నిద్ర పడుతోంది.

అక్కడి డాక్టరు వీడియో కాల్‌లో "మైనారిటీ జాతులవాళ్ళకి ఈ రిస్క్ ఎక్కువ" అన్నారు. ఆ ముక్క పట్టుకుని మా పెదనాన్న "చూశారా, రక్తంలోనే ఉంది" అంటున్నారు. అమ్మ సరిగా అన్నం తినడం లేదు. కుదరబోయిన నా సంబంధం కూడా ఆగిపోయింది. జాతిని బట్టి పిచ్చి వస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: లండన్ నర్సు

చెల్లెమ్మా, మాది నరసరావుపేట. 16 ఏళ్ళుగా దక్షిణ లండన్‌లో మానసిక వార్డుల్లో నర్సుగా చేస్తున్నాను. ముందు అమ్మకి కాస్త అన్నం తినిపించు. ఆ డాక్టరు మాట నిజమే. మీ పెదనాన్న దానికి చెప్పుకున్న అర్థం తప్పు.

1948లో విండ్‌రష్ ఓడ వచ్చినప్పటి నుంచి జమైకా, బార్బడోస్ లాంటి దీవుల వాళ్ళు పని కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. లండన్, నాటింగ్‌హామ్, బ్రిస్టల్‌లలో జరిగిన ఏసాప్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. ఆ కుటుంబాలవాళ్ళలో స్కిజోఫ్రీనియా (సైకోసిస్‌లో ఒక తీవ్రమైన రకం) ఇక్కడి తెల్లవాళ్ళలో కంటే 9 రెట్లు ఎక్కువగా కనిపించింది. రక్తమే కారణమైతే జమైకాలోనూ అలాగే ఉండాలి కదా? అక్కడ లెక్క తీస్తే అంత లేదు.

తెల్లవాళ్ళ సంగతీ ఇంతే. అమెరికాలోని మిన్నెసోటాకి వలసపోయిన నార్వేవాళ్ళు, సొంత దేశంలో ఉండిపోయినవాళ్ళ కంటే ఎక్కువగా మానసిక ఆస్పత్రుల్లో చేరుతున్నారని 1932లోనే ఓడెగార్డ్ అనే డాక్టరు చూపించారు. అలాంటి స్వభావం ఉన్నవాళ్ళే వలసపోతారేమో అని ఆయన అనుకున్నారు. మరి వలసపోయినవాళ్ళకి అక్కడే పుట్టిన పిల్లల్లోనూ రిస్క్ తగ్గడం లేదు. వాళ్ళు ఎక్కడికీ వలసపోలేదు కదా!

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కాంబర్‌వెల్ మీద 2001లో వచ్చిన అధ్యయనం. అది మేం రోజూ తిరిగే ప్రాంతమే. ఒక పేటలో మైనారిటీలు ఎంత తక్కువమంది ఉంటే, ఆ కొద్దిమందిలో ఈ జబ్బు అంత ఎక్కువగా వచ్చింది. మీ తమ్ముడు నలుగురిలోంచి వెళ్ళి ఒక్కడే ఉన్నాడని చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. ఆ గది వల్లే వచ్చిందని నేను అనను. ఒక మనిషికి ఎందుకొచ్చిందో ఎవరూ అంత కచ్చితంగా తేల్చలేరు. నిద్ర లేకపోవడం, గంజాయి, ఒంటరితనం, బయట పడే అవమానాలు, ఇవన్నీ కలుస్తాయి. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా ఉంటే రిస్క్ కొంత పెరుగుతుంది, అదీ నిజమే. కానీ వంశం వేరు, జాతి వేరు.

జబ్బు కానిదాన్ని జబ్బు అనుకోవడం కూడా చూశాను. నేను చేరిన కొత్తలో, కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడని వార్డుకి తెచ్చారు. భర్త పోయి మూడు నెలలు. పొద్దున్నే ఆయన గొంతు వినిపిస్తోందని చెప్పిందట, భ్రమ అని రాసుకున్నారు. ఇంటర్‌ప్రెటర్‌గా హిందీ మనిషిని పిలిచారు, ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. నేను పక్కన కూర్చుని "ఏమంటారండీ ఆయన?" అని అడిగాను. "కాఫీ పెట్టావా అంటారు తల్లీ" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మన ఇళ్ళలో భర్త పోయిన ఎంతమంది ఇలా చెప్పుకోరు? డాక్టరుకి అదంతా వివరించాను. ఆ రోజు ఆవిడకి కావలసింది తెలుగులో వినే మనిషి.

జవాబు: ముషీరాబాద్ నాన్న

మా అమ్మాయికి మొదలైనప్పుడు గాలి సోకిందని తాయెత్తులు కట్టించాం. ఎర్రగడ్డ పేరెత్తితే చుట్టాలు ఏమంటారోనని భయపడి రెండేళ్ళు పోగొట్టుకున్నాం. ఆ రెండేళ్ళు తలచుకుంటే ఇప్పటికీ గుండె పిండేస్తుంది. మీరు వెంటనే వైద్యం చేయించారు, మంచి పని చేశారమ్మా. రాత్రిపూట భయమేస్తే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఖమ్మం అక్క

ఇవన్నీ అమ్మకి చదివి వినిపించాను. జమైకా సంగతి రెండుసార్లు చదివించుకుంది. అక్కా, ఇంకొక్కటి. కోర్సు సగంలో ఉంది, మళ్ళీ వెళ్తానంటున్నాడు. పంపొచ్చా?

లండన్ నర్సు

అది డాక్టరుని అడిగే తేల్చుకోవాలి. తొందరపడకండి, బాగున్నాడు కదా అని మందులు ఆపొద్దు. వెళ్తే మాత్రం ఒంటరి గది వద్దు, నైట్ షిఫ్ట్ వద్దు. ఏ ఊరో నాకు విడిగా మెసేజ్ పెట్టు. అక్కడ మనవాళ్ళ ఇంట్లో గది ఉందేమో ఈ ఆదివారం నలుగురినీ అడుగుతాను.